పలక మీది పేరు - పళ్లెంలోని చేప

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంపాదక వర్గంవారు అడిగినప్పుడు నేను కొంత సంకోచించాను. కవిత అల్లే నేర్పు నాకు లేదు. కథ చెప్పే ఓపికా తక్కువే. నేను పుట్టి పెరిగింది కొడవలూరులో. మా ఇంటిల్లిపాదికీ ఏళ్ల తరబడి అన్నం పెట్టింది చేప. కనుక చేపను గురించే వ్రాస్తున్నాను. అయితే ఇది వంటకాలను గురించిన వ్యాసం కాదు. చేపకు మనం పెట్టే పేరును గురించి, ఆ పేరును ఒక వేసవిలో నా చేతితో నేనే తప్పుగా వ్రాసిన వైనాన్ని గురించి, అట్టి తప్పును మన చట్టం ఏమంటుందో ఆ తరువాత నేను తెలుసుకొన్న సంగతులను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

కొడవలూరు నెల్లూరుకు ఉత్తరాన, రైలుమార్గానికీ జాతీయ రహదారికీ చేరువలో ఉన్న ఊరు. సముద్రం మా గుమ్మంలో లేదు గాని, తూర్పుగా విడవలూరు దాటి వెళితే రామతీర్థం తీరం వస్తుంది. అందుచేత మా ప్రాంతానికి ఒక ప్రక్క నుంచి కడలి చేప, మరొక ప్రక్క నుంచి కాలువల చేప, చెరువుల చేప వస్తుంటాయి. మా తాతగారిని ఇంట్లో మేము దాదా అని పిలుస్తాము. నలభై ఏళ్లకు పైగా ఆయన సైకిలు వెనుక గంప కట్టుకొని చుట్టుప్రక్కల పల్లెలలో చేపలు అమ్మారు. తెల్లవారకముందే తీరానికి పోయి పడవల దగ్గర వంజరం, మాగ, సావడ, కానాగంత, కవళ్లు కొనేవారు. వానలు పడి చెరువులు నిండిన రోజులలో కొరమీను, వాలుగ, జెల్ల, బొమ్మిడాయిలు తెచ్చేవారు. ఆయనకు చదువు రాదు. కాని చీకటిలో చేతితో తడిమి ఇది ఫలానా చేప అని చెప్పగలరు.

కొరమీనును మాత్రం ఆయన ఏనాడూ గంపలో వేయలేదు. దానికి ప్రత్యేకంగా నీళ్లు పోసిన బిందె ఉండేది. కొరమీను తక్కిన చేపలవలె నీటిని మాత్రమే నమ్ముకొని బ్రతికే జీవి కాదు. పైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తుంది. ఒంటికి తడి ఉంటే నీటి బయట కూడా చాలాసేపు ప్రాణంతో ఉంటుంది. కనుకనే మనవాళ్లు దానిని బ్రతికి ఉండగా కొనడానికి అలవాటుపడ్డారు. జ్వరం పడి లేచినవారికి, శస్త్రచికిత్స చేయించుకొన్నవారికి కొరమీను పెట్టమని పెద్దలు చెబుతారు. హైదరాబాదులో మృగశిర కార్తెనాడు బత్తినివారు ఉబ్బసానికి ఇచ్చే మందును మ్రింగించేది కూడా ప్రాణమున్న కొరమీను పిల్లతోనే. తెలంగాణ ప్రభుత్వం 2016లో ఈ చేపనే రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఇంతటి ప్రతిష్ఠ ఉన్న చేపకు వెల కూడా అంతగానే ఉండడంలో వింత లేదు.

చేపను గుర్తుపట్టేది తలను బట్టి, పొలుసును బట్టి, రెక్కను, తోకను బట్టి. ఈ గుర్తులన్నీ కత్తిపీట ఎక్కగానే పోతాయి. తల తీసి, తోలు ఒలిచి, ముక్కలు కోసి, చింతపండు పులుసులో మామిడికాయతో ఉడికించిన తరువాత ఆ చేపకు మిగిలేది పేరు ఒక్కటే. ఆ పేరును చెప్పేవాడు నిజం చెప్పకపోతే తినేవాడికి వేరే ఆధారం లేదు. ఈ చిన్న విషయం నాకు బోధపడడానికి ఒక వేసవి పట్టింది.

రెండవ సంవత్సరం పరీక్షలు ముగిసిన ఆ వేసవిలో రహదారి ప్రక్కనున్న ఒక భోజన హోటలులో నేను బిల్లులు వ్రాసే పనికి కుదిరాను. కళాశాల గోడపత్రికకు తెలుగులోను, ఉర్దూలోను శీర్షికలు వ్రాసే అలవాటు వలన నా దస్తూరి కొంత బాగుండేది. అది గమనించిన యజమాని, ప్రతి ఉదయం వాకిట్లోని నల్లపలక మీద ఆనాటి వంటకాల పేర్లు వ్రాసే పని కూడా నాకే అప్పగించారు. "నెల్లూరు కొరమీను పులుసు" అన్నది మొదటి పంక్తి. దానిని నేను పెద్ద అక్షరాలతో, క్రింద గీత గీసి మరీ వ్రాసేవాడిని. లారీలవాళ్లు, బస్సు దిగినవాళ్లు, కార్లలో పోయే కుటుంబాలవాళ్లు ఆ పలక చూసి లోపలికి వచ్చేవారు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఒక వారం గడిచింది. ఉప్పు సంచి కోసం వంటింటి వెనుకకు వెళ్లిన నాకు మంచు పెట్టెలు దించుతున్న కుర్రవాడు కనిపించాడు. మూత తీసిన పెట్టెలో పొలుసు జాడే లేని, నున్నని తోలుగల, పాలిపోయిన తెల్లని ముక్కలు ఉన్నాయి. కొరమీనుకు పెద్ద పొలుసులు ఉంటాయి. ఇది పొలుసు లేని జాతి. మన రాష్ట్రంలో కృష్ణా, గోదావరి జిల్లాల చెరువులలో విరివిగా పెంచే పంగస్ అది. హోటళ్లవాళ్లు "బాసా" అనేదీ సాధారణంగా దీనినే. దాదా మనవడిని గనుక నాకు ఆ మాత్రం తెలుసు. వంట మాస్టరును అడిగాను. ఆయన గరిటె ఆపకుండానే, "పులుసులో పడ్డాక ఏ చేపైనా ఒకటేనయ్యా. నువ్వు రాసేది రాయి" అన్నాడు. నేను మరునాడు కూడా వ్రాశాను. ఆ తరువాతి రోజూ వ్రాశాను. జీతం ఇచ్చే చోట ప్రశ్నలు వేయరాదని నాకు నేనే సర్దిచెప్పుకొన్నాను.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ స్టీలు క్యారియరు పట్టుకొని వచ్చింది. కొడుకుకు నెల్లూరులో కడుపు ఆపరేషను జరిగిందట. ఇంటికి తీసుకొని పోతూ కారు ఆపించింది. "కొరమీనేనా అబ్బయా?" అని అడిగింది. నేను ఆమె ముఖం చూడలేదు. "అవునమ్మా, పలక మీద ఉంది కదా" అన్నాను. ఆమె డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, నన్ను చల్లగా ఉండమని దీవించి వెళ్లింది. ఆ దీవెన నాకు అంటలేదని ఆ క్షణంలోనే తెలిసింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి దాదా బిందె ముందు కూర్చుని ఉన్నారు. అమ్ముడుపోని కొరమీనులు రెండు అందులో తిరుగుతున్నాయి. ఎందుకు పోలేదని అమ్మీ అడిగితే ఆయన చెప్పిన సమాధానం ఇది: "రోడ్డు మీద హోటల్లో కొరమీను పులుసు ప్లేటు అంత చవకగా ఇస్తుంటే నీ కొరమీనుకు ఇంత ధర ఏంది సాయిబూ అంటున్నారు. వాళ్లకు నేను ఏమని చెప్పేది?" ఆ పలక వ్రాసిన చెయ్యి అప్పుడు నా ఒడిలోనే ఉంది. ఆ రాత్రి నేను ఏమీ అనలేకపోయాను. మరునాటి రాత్రి జరిగినదంతా చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. చాలాసేపటికి, "పంగస్ కూడా చేపే అబ్బయా. ముల్లు తక్కువ, ధర తక్కువ. పేదవాడు తింటే తప్పేముంది? దాని పేరుతోనే దాన్ని అమ్మితే దానికీ మర్యాద, కొరమీనుకూ మర్యాద" అన్నారు. కొంత ఆగి, "నేనూ ఒకసారి ఎర్రమోసును రాగండి అని అమ్మాను. నీ తండ్రి పుట్టిన సంవత్సరం. ఆ ఇంటి ముందు నుంచి ఆరు నెలలు సైకిలు తొక్కలేకపోయాను" అన్నారు. ఆ సంగతి అంతకుముందు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మరునాడు ఉదయం నేను పలక మీద "చేపల పులుసు" అని మాత్రమే వ్రాశాను. యజమాని పిలిచి కారణం అడిగారు. చెప్పాను. ఆయన చెడ్డవాడని నేను అనను. సరుకు వేసే వ్యాపారి కొరమీను ముక్కలనే చెప్పి వేస్తున్నాడనీ, ఆ ధరకు అది కాదని తనకూ అనుమానం ఉన్నదనీ, చుట్టూ ఉన్న హోటళ్లన్నీ అదే పేరు వ్రాస్తుంటే తానొక్కడే మానితే గిరాకీ పోతుందనీ ఆయన బాధ. నాలుగు రోజులు నా పలకను అట్లాగే ఉండనిచ్చారు. అయిదవ రోజున, పాత పేరు వ్రాయకపోతే పనికి రానక్కరలేదన్నారు. నేను వెళ్లలేదు. వారం తరువాత బస్సులో పోతూ చూస్తే, పలక మీద మరెవరి దస్తూరిలోనో "నెల్లూరు కొరమీను పులుసు" అని ఉంది. ఒక్కడు పని మానినంత మాత్రాన అబద్ధం ఆగదని అప్పుడు అర్థమైంది. చట్టం ఏమి చెబుతుందో తెలుసుకోవాలన్న కోరిక నాలో పుట్టింది కూడా అప్పుడే.

మా వాణిజ్యశాస్త్ర ఉపన్యాసకులు చూపించిన పుస్తకాలలో నాకు మొదట ఆశ్చర్యం కలిగించిన విషయం, ఈ దోషానికి మన దేశంలో ఎప్పటినుంచో చట్టం ఉండడం. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టమే, ఒక పదార్థాన్ని పోలిన మరొక పదార్థాన్ని మోసపుచ్చే విధంగా దాని పేరుతో అమ్మడాన్ని తప్పుడు పేరు కలిగిన ఆహారంగా నిర్వచించింది. దాని స్థానంలో వచ్చిన 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 నుంచి పూర్తిగా అమలులో ఉంది. వేరొక ఆహారానికి చెందిన పేరుతో అమ్మబడే ఆహారం ఈ చట్టం ప్రకారం కూడా తప్పుడు పేరు గలదే. 52వ సెక్షను క్రింద దీనికి మూడు లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. కొనుగోలుదారు కోరిన స్వభావం, నాణ్యత లేని ఆహారాన్ని అతనికి నష్టం కలిగేలా అమ్మితే 50వ సెక్షను క్రింద అయిదు లక్షల వరకు జరిమానా ఉంది. చిన్న వర్తకులకు ఈ సెక్షను క్రింద పరిమితి ఇరవై అయిదు వేలు. ఇవి ప్యాకెట్టులో కట్టిన సరుకుకే గాక పళ్లెంలో పెట్టిన పులుసుకు కూడా వర్తిస్తాయి.

ఇంకొక సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆహార భద్రతాధికారి వచ్చి నమూనా తీసేవరకు మనం చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. 40వ సెక్షను ప్రకారం, కొన్న వ్యక్తి ఎవరైనా సరే, కొనే సమయంలోనే అమ్మినవానికి ఆ మాట తెలియజేసి, రుసుము చెల్లించి, ఆ పదార్థాన్ని ఆహార విశ్లేషకునిచేత పరీక్ష చేయించుకోవచ్చు. దోషం తేలితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది. ఇది గాక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉన్నది. సరుకు రకాన్ని గురించి వ్రాతలో గాని, నోటిమాటతో గాని అబద్ధం చెప్పడాన్ని అది అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. అయిదు లక్షల రూపాయల లోపు విషయానికి జిల్లా కమిషనులో ఫిర్యాదు రుసుము కూడా లేదు. నేను ఆ పెద్దావిడతో అన్న "అవునమ్మా" అన్న ఒక్క మాట ఈ చట్టం పరిధిలోకి వస్తుందని చదివినప్పుడు నా ముఖం ఎర్రబడింది.

మరి చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు పలకలు ఎందుకు మారవు? నాకు తోచిన కారణాలు మూడు. మొదటిది, ఏ చేపో వ్రాసి తీరవలసిందని హోటలును నిర్బంధించే నియమం లేకపోవడం. 2020 నాటి లేబులింగ్ నిబంధనలు, పది గాని అంతకు మించి గాని శాఖలున్న హోటళ్లు వంటకాల ఎదుట కేలరీలు చూపాలంటాయి, చేప పడనివారి కోసం అందులో చేప ఉన్నదని తెలియజేయాలంటాయి, కాని ఆ చేప ఏ జాతిదని అడగవు. పేరు వ్రాస్తే నిజం వ్రాయాలి, వ్రాయకపోతే అడిగేవారు లేరు.

రెండవది పేర్ల గందరగోళం. మేము వంజరం అనే చేపను విశాఖవారు కోనెం అంటారు. ఒక చోట రాగండి అయినది మరొక చోట శీలావతి. ఇది మోసం కాదు, భాషలోని వైవిధ్యం. కాని మోసగాడు దాక్కోవడానికి ఇటువంటి పొదలే కావాలి. గోదావరి జిల్లాల పులస మరింత చిత్రమైన ఉదాహరణ. పుస్తెలమ్మినా పులస తినాలన్న సామెత మనందరికీ తెలుసు. సముద్రంలో ఇలసగా ఉన్న చేపే వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చినప్పుడు పులస అవుతుంది. ఒడిశా నుంచి, బెంగాలు నుంచి మంచులో పెట్టి తెచ్చిన ఇలసను పులస పేరుతో, దాని ధరకు అంటగడుతున్నారన్న ఫిర్యాదు ప్రతి వరదల కాలంలోను వింటాము. రెండూ ఒకే జాతి. అక్కడ కావలసింది జాతి పేరు మాత్రమే కాదు, పట్టిన చోటు పేరు కూడా. హైదరాబాదు హోటళ్లలో పుట్టి పేరుపొందిన అపోలో ఫిష్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. కొరమీనుతో చేసేచోట ఆ ముళ్లు లేని ముక్కల స్థానంలోకి బాసా సులభంగా వచ్చి కూర్చుంటుంది. వంటకం పేరులో చేప పేరే లేదు గనుక అడగాలన్న ఆలోచన కూడా మనకు రాదు.

మూడవది రుజువు. ఉడికిన ముక్క ఏ చేపదో కంటికి తెలియదు. అయితే ఈ అడ్డంకి తొలగుతున్నది. కెనడాకు చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన డి.ఎన్.ఎ. బార్‌కోడింగ్ పద్ధతిలో, జీవకణంలోని ఒక చిన్న జన్యుభాగాన్ని చదివి జాతిని చెప్పవచ్చు. వండిన ముక్క నుంచి కూడా చాలావరకు ఇది సాధ్యమే. ఈ పద్ధతితోనే అమెరికాలో ఓషియానా అనే సంస్థ 2010 నుంచి 2012 వరకు 1,215 నమూనాలను పరీక్ష చేయించి, వాటిలో మూడింట ఒక వంతుకు పేరు తప్పని 2013లో ప్రకటించింది.

ఇది పేదదేశాల జబ్బు కాదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. జపాను మాటే చూడండి. 2013లో హాంక్యూ హాన్షిన్ హోటళ్ల సంస్థ తన భోజనశాలల జాబితాలలో ఏళ్ల తరబడి తప్పుడు పేర్లు ఉన్నాయని ఒప్పుకొంది. అక్కడివారు ఎంతో ఇష్టపడే షిబా రొయ్య అని వ్రాసిన చోట వడ్డించినది వనామి రొయ్య! మొదట ఇది పొరపాటే గాని మోసం కాదన్న ఆ సంస్థ అధ్యక్షుడు చివరకు పదవి వదులుకోవలసి వచ్చింది. మరుసటి సంవత్సరమే ఆ దేశం తప్పుడు ప్రకటనల చట్టాన్ని కఠినతరం చేసింది.

వనామి అన్న మాట చదవగానే నేను పుస్తకం మూసి కొంతసేపు కూర్చున్నాను. అది మా చెరువుల రొయ్య కదా! 1990ల నడుమ తెల్లమచ్చ తెగులు టైగరు రొయ్యను దెబ్బతీసింది. 2009లో మన దేశంలో వనామి సాగుకు అనుమతి వచ్చిన తరువాత మా చుట్టుప్రక్కల పొలాలెన్నో దాని చెరువులయ్యాయి. ఏరియేటర్ల మోత మధ్య రాత్రులు జాగారం చేసే రైతులు మా వీధిలోనే ఉన్నారు. వారు పెంచిన రొయ్యలో అధిక భాగం కొన్నేళ్లపాటు అమెరికాకే పోయింది. అక్కడ దానికి ఏమి జరిగింది? దిగుమతి రొయ్యను తమ సముద్రపు రొయ్యగా చెప్పి అమ్మే హోటళ్లపై అక్కడి జాలరులు ఎన్నో ఏళ్లు మొరపెట్టుకొన్నారు. లూయిసియానా రాష్ట్రం 2019లో, దిగుమతి రొయ్య వడ్డించే హోటళ్లు ఆ విషయాన్ని భోక్తలకు తెలియజేయాలని శాసించింది. మిసిసిపిలోని బిలాక్సి పట్టణంలో ఒక పేరుమోసిన భోజనశాల, 2013 నుంచి 2019 వరకు ఇరవై ఆరు వేల కిలోలకు పైగా చేపను వేరే పేర్లతో అమ్మినట్టు 2024లో న్యాయస్థానంలో ఒప్పుకొంది. స్థానికమైన మేలురకం చేప అని వారు వడ్డించినది ఆఫ్రికా, దక్షిణ అమెరికా, భారతదేశం నుంచి గడ్డకట్టించి తెచ్చిన చేప.

ఇక్కడ నాకు ఒక పోలిక కనిపించింది. మా రహదారి హోటలులో పంగస్ తన పేరు పోగొట్టుకొని కొరమీను అయింది. అక్కడ మన దేశపు చేప తన పేరు పోగొట్టుకొని బిలాక్సి చేప అయింది. రెండు చోట్లా నష్టపోయింది తినేవాడు ఒక్కడే కాదు. నిజమైన సరుకు పట్టుకొని ఎండలో తిరిగే దాదావంటివాడు ఇక్కడ నష్టపోయాడు. వల వేసి ఖాళీ బేరంతో ఇంటికి పోయిన అక్కడి జాలరి నష్టపోయాడు. రేయింబవళ్లు శ్రమించి పెంచినా తన ఊరి పేరు ఏ పలక మీదా ఎక్కని మన రైతూ నష్టపోయాడు. దిగుమతి అని వ్రాయడం మనకు అవమానమని కొందరు అనవచ్చు. నా ఉద్దేశంలో అది అవమానం కాదు. ఏది ఎక్కడిదో తెలిసినప్పుడే మంచి సరుకుకు మంచి పేరు రాగలదు. దూరపు నగరాలలో హోటళ్లు "నెల్లూరు చేపల పులుసు" అని వ్రాసుకొంటున్నాయంటే, మన పూర్వులు ఆ ఊరి పేరును నిలబెట్టినందుకే కదా! దానిని మనమే మన రహదారిపై పలుచన చేసుకోరాదు.

కళాశాల పాలక సంఘంవారికి, సహ విద్యార్థులకు ఒక చిన్న విన్నపం చేసి ముగిస్తాను. మన జంతుశాస్త్ర శాఖ విద్యార్థులు ఈ తీరంలో దొరికే చేపలకు తెలుగు పేరు, ఉర్దూ పేరు, శాస్త్రనామం కలిపి బొమ్మలతో ఒక పట్టిక తయారుచేస్తే, అది గోడపత్రికకు అలంకారంగానే గాక ఊరికి ఉపకారంగా కూడా ఉంటుంది. జిల్లా ఆహార భద్రతాధికారిని ఒకసారి ఆహ్వానించి ఈ చట్టాలను గురించి చెప్పించవచ్చు. ఇక మనం హోటలులో కూర్చున్నప్పుడు, "ఇది ఏ చేప? ముక్కగా వచ్చిందా, చేపగా వచ్చిందా?" అని మర్యాదగా అడగవచ్చు. పదిమంది అడిగితే యజమాని తన వ్యాపారిని అడుగుతాడు. వ్యాపారి చీటీ మీద పేరు వ్రాయక తప్పదు. ఆ చీటీయే రేపు చట్టానికి రుజువు.

దాదా ఇప్పుడు సైకిలు తొక్కలేరు. వారంలో రెండు రోజులు మా వీధి మలుపులో బిందె పెట్టుకొని కూర్చుంటారు. మొన్న నన్ను పిలిచి, ఒక పాత పలక ఇచ్చి, వ్రాసిపెట్టమన్నారు. "కొరమీను - ప్రాణంతో ఉన్నది" అని వ్రాశాను. ఏమి వ్రాశానో చదివి వినిపించమన్నారు, వినిపించాను. తల ఊపారు. మధ్యాహ్నానికి కొరమీను అయిపోయి, గంపలో జెల్లలు మాత్రమే మిగిలాయి. నేను తిరిగి అటు వెళ్లేసరికి తువ్వాలు తడిపి ఆ పేరును ఆయనే తుడిచివేశారు.